మీ విద్యార్థులు మా ఊళ్ళకు వస్తున్నారు, వాళ్ళ వెనక మీరేరీ?

రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో, అనుబంధ కాలేజీల్లో ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) బోధిస్తున్న అధ్యాపకులకు, శాఖాధిపతులకు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,

నమస్కారం.

విజయనగరం జిల్లాలో వృద్ధులతోనూ ఒంటరి మహిళలతోనూ పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం నాది. నేనూ ఎం.ఎస్.డబ్ల్యూ. చదివినదాన్నే. మీ విద్యార్థులు ఫీల్డ్‌వర్క్‌కి వస్తే ఏజెన్సీ (వాళ్ళు పని నేర్చుకునే సంస్థ) సూపర్‌వైజర్‌గా వాళ్ళ హాజరు షీట్ల మీదా రిపోర్టుల మీదా సంతకాలు పెట్టేది నేనే. అందుకని దీన్ని ఇంట్లోవాళ్ళ పేచీగానే చదవండి.

ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నాలుగో సెమిస్టర్ పిల్లలు మా ఆఫీసుకు వరస కడతారు. చేతిలో శాఖాధిపతి సంతకంతో పర్మిషన్ లెటర్, బ్యాగులో జిరాక్స్ తీయించిన షెడ్యూళ్ళ (ప్రశ్నావళుల) కట్ట. "మేడమ్, వంద మంది రెస్పాండెంట్లు కావాలి. ఈ వారంలో అయిపోతే బాగుండును" అంటారు. టైటిల్ ఏమిటమ్మా అంటే అందరివీ అచ్చు గుద్దినట్టు ఒకటే. 'ఎ స్టడీ ఆన్ ది సోషియో ఎకనామిక్ కండిషన్స్ ఆఫ్' అని మొదలై, 'విత్ స్పెషల్ రిఫరెన్స్ టు' అని మా మండలం పేరుతో ముగుస్తుంది. మధ్యలో వృద్ధులో, భవన నిర్మాణ కార్మికులో, డ్వాక్రా మహిళలో ఉంటారు. వందమందే ఎందుకని ఒకమ్మాయిని అడిగాను. "శాతాలు కట్టడం సులువు కదా మేడమ్" అంది. ఉన్న మాటే చెప్పింది పాపం.

ఈ పిల్లల్ని సోమరులనడానికి నాకు నోరు రాదు. చాలామంది తమ ఇంట్లో మొదటిసారి పీజీ గడప తొక్కినవాళ్ళు. ఈ శాతాల అమ్మాయే రెండో సెమిస్టర్‌లో మా దగ్గర ఫీల్డ్‌వర్క్ చేసింది. ఒక ముసలాయనకు పింఛను రావడం లేదంటే, ఆధార్‌లో వయసు తక్కువ పడిందని తనే కనిపెట్టి, ఆయన్ని వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికీ సచివాలయానికీ తిరిగి సరిచేయించింది. ఆ రిపోర్టు చదివి ముచ్చటపడ్డాను. ఆయన కోపం, కొడుకు విసుగు, కౌంటర్ దగ్గర కుర్రాడి నిర్లక్ష్యం అన్నీ అందులో ఉన్నాయి. అలా రాయగల పిల్ల డిసర్టేషన్ (పరిశోధన నివేదిక) కాగితాలతో వచ్చేసరికి ఎవరో కొత్త మనిషిలా ఉంది.

తేడా ఎక్కడుందో మీకూ తెలుసు. ఫీల్డ్‌వర్క్‌కి వారం వారం రిపోర్టుంది. ఐ.సి. (ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడటం) ఉంది, జి.సి. (అందరినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడటం) ఉంది. ఏజెన్సీలో నేనుంటాను, కాలేజీలో మీరుంటారు. రాసుకొచ్చినదాన్ని ఎర్ర సిరాతో దిద్ది, "ఆయన ఏడిచినప్పుడు నువ్వేం చేశావు?" అని అడిగేవాళ్ళుంటారు. రీసెర్చి ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి ఇవేవీ లేవు. టైటిల్‌కి ఒకసారి తలూపడం, టూల్‌కి ఒకసారి తలూపడం, ఆఖర్న సర్టిఫికెట్ మీద సంతకం. తన పర్యవేక్షణలో జరిగిన పరిశోధన అని ఆ సర్టిఫికెట్ చెబుతుంది. జరిగిన ఊరి మొహం గైడ్ గారు చూసి ఉండరు.

1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరుతో దేశంలో మొదటి సోషల్ వర్క్ స్కూలు పెట్టిన నాటి నుంచీ మన చదువులో తరగతికి ఎంత విలువో ఫీల్డుకూ అంత విలువ. సూపర్‌విజన్ గురించి సోషల్ వర్క్ పండితుడు కడూషిన్ చెప్పిన మూడు పనులను, అంటే పని సవ్యంగా జరిగేలా చూడటం, నేర్పడం, మనిషికి ఆసరాగా నిలబడటం, మీరే పాఠంగా చెబుతారు, పరీక్షలో అడుగుతారు. నేను కోరేదల్లా ఒక్కటే. ఫీల్డ్‌వర్క్‌కి చేసే పర్యవేక్షణ రీసెర్చికీ చేయండి. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక అరుగు మీద జరిగిన సంగతి చెబితే తెలుస్తుంది. ఆ శాతాల అమ్మాయి అంశం కుటుంబాల్లో వృద్ధుల స్థితిగతులు. అంశం మంచిదే. ఎనభై దాటిన ఒక మామ్మ ఎదురుగా కూర్చుని షెడ్యూల్ చూస్తూ అడుగుతోంది.

"మామ్మా, మీ కుటుంబ సభ్యులు మిమ్మల్ని గౌరవంగా చూస్తారా? ఎల్లప్పుడూనా, కొన్నిసార్లా, ఎప్పుడూ లేదా?"

మామ్మ కాసేపు ఆలోచించింది. "ఒకటో తారీకున బాగానే సూత్తారమ్మా. ఆ పొద్దు కోడలు టీ కూడా తెచ్చి ఇత్తాది" అంది.

అమ్మాయి 'కొన్నిసార్లు' పక్కన టిక్ పెట్టి తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీకంటే సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి ముసలివాళ్ళ చేతిలో 4,000 రూపాయలు పెట్టే రోజు. మామ్మ ఆ ఇంట్లో నెలకొక పూట మనిషవుతోంది. పింఛను ముసలివాళ్ళకి మర్యాద తెచ్చిందా? తెస్తే ఏ తారీకు దాకా నిలుస్తోంది? డబ్బు ఎవరి చేతికి పోతోంది? భార్యాభర్తలిద్దరూ ఉన్న ఇంట్లో ఒకరికే వస్తే రెండో మనిషి గతేమిటి? ఒక డిసర్టేషన్‌కి కావలసిందంతా మామ్మ ఒక్క ముక్కలో ఇచ్చేసింది. దాన్ని పట్టుకునే గడి ఆ షెడ్యూల్‌లో లేదు. అదే ఫీల్డ్‌వర్క్ రిపోర్టయి ఉంటే, ఆవిడ అన్నది ఆవిడ మాటల్లోనే రాశావా అని ఆ వారమే మీరు అడిగి ఉండేవారు. డిసర్టేషన్ కాబట్టి అది పట్టికలో ఒక అంకె అయింది. దాని కింద 'పై పట్టికను బట్టి అత్యధికులు కొన్నిసార్లు గౌరవం పొందుతున్నట్లు తెలియుచున్నది' అనే అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం, పక్కన రంగురంగుల గుండ్రటి పై చార్టు.

ఇక వంద మందీ ఎవరనేది చూద్దాం. పిల్లలు పదిన్నర బస్సుకు దిగుతారు, నాలుగింటి బస్సుకు తిరిగెళ్ళిపోవాలి. అవి ఎండాకాలపు రోజులు. ఉపాధి పనికి పోయినవాళ్ళు పొద్దున్నే పోయి, ఎండ నెత్తికెక్కాక వచ్చి, వంట చేసుకుని ఇంత తిని వాలిపోతారు. తోటల్లో కూలికి పోయినవాళ్ళు చీకటి పడితే గానీ రారు. మరి దొరికేదెవరు? బస్సు దిగేచోట రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు, రోడ్డు పక్క డాబాల వాళ్ళు, మంచం పట్టినవాళ్ళు. ఊరి చివర ఎస్సీ కాలనీ దాకా నడిచేలోపే కోటా పూర్తయిపోతుంది. తీరా మెథడాలజీ చాప్టర్ తెరిస్తే 'సింపుల్ రాండమ్ శాంప్లింగ్' అని ఉంటుంది. ఏ జాబితా ముందు పెట్టుకుని ఎవరు చీటీలు తీశారో నాకైతే అంతుబట్టదు. (మా పరిధిలోని వృద్ధుల పేర్లు ఊరివారీగా మా ఆఫీసు రిజిస్టర్‌లో ఉన్నాయి. ఎన్నేళ్ళయినా అడిగినవాళ్ళు లేరు.) పర్పసివ్ శాంపిల్ (చీటీలు తీయకుండా మనమే ఎంచుకున్నవాళ్ళు) తీసుకున్నానని నిజం రాస్తే తప్పేమీ లేదు. కాలనీకి ఎందుకు వెళ్ళలేకపోయారో రాస్తే ఇంకా మంచిది. ఆ నిజం రాసే ధైర్యం విద్యార్థికి గైడ్ ఇవ్వాలి.

టూల్స్ (షెడ్యూళ్ళు, స్కేళ్ళు) సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని పట్టుకోవడం గైడ్‌కి అరగంట పని. రోజెన్‌బర్గ్ ఆత్మగౌరవ స్కేల్‌లో 10 వాక్యాలుంటాయి. సగం తనను తాను మెచ్చుకునేవి, సగం కించపరచుకునేవి. రెండో రకానికి మార్కులు తిరగేసి వేయాలి. నా కళ్ళబడిన ఒక డిసర్టేషన్‌లో పదింటినీ ఒకే వైపు కూడేశారు. నేనెందుకూ పనికిరానని గట్టిగా ఒప్పుకున్న ఆడమనిషికి ఆత్మగౌరవం మార్కులు పెరిగాయి. పట్టణ కుటుంబాల ఆర్థిక, సామాజిక స్థాయిని కొలవడానికి చేసిన కుప్పుస్వామి స్కేల్‌ను మన్యంలోని గిరిజన గూడేనికి పట్టుకుపోయినవాళ్ళూ ఉన్నారు. పల్లెలకు ఉదయ్ పారీక్ స్కేలు 1964 నుంచే ఉందన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. షెడ్యూల్ ఇంగ్లీషులో టైపవుతుంది. గుమ్మం ముందు నిలబడి విద్యార్థి అప్పటికప్పుడు నోటికొచ్చిన తెలుగులో అడుగుతాడు. నలుగురు స్నేహితులు కలిసి డేటా సేకరిస్తే ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా అడిగినట్టే. ఆపైన ఎస్.పి.ఎస్.ఎస్. అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో చై స్క్వేర్ పరీక్ష కట్టి ఏం లాభం?

వీటన్నిటినీ సరిపెట్టుకోవచ్చు. తరవాత రాయబోయేవాటితో సరిపెట్టుకోలేను.

బాల్యవివాహాల మీద పని చేస్తున్న విద్యార్థిని ఒక హాస్టల్‌లో పదిహేనేళ్ళ పిల్లతో మాట్లాడుతోందనుకోండి. బంధువు ఒకడు తన మీద చేయి వేశాడని ఆ పిల్ల చెప్పింది. ఎవరికీ చెప్పనని విద్యార్థిని అప్పటికే మాట ఇచ్చేసింది, కన్సెంట్ ఫారంలో 'సమాచారం గోప్యంగా ఉంచబడును' అని ఉంది కాబట్టి. కానీ పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద అది శిక్షార్హం. అంటే మీ విద్యార్థిని నిలబెట్టుకోకూడని మాట ఇచ్చింది. ఎంతవరకూ గోప్యంగా ఉంచగలమో, ఎక్కడ ఉంచలేమో ముందే చెప్పి మొదలుపెట్టాలని ఆ అమ్మాయికి ఎవరు నేర్పాలి? ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేస్తే ఎత్తాల్సిందెవరు?

పిల్లలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, పిల్లల ఒప్పుదలా కావాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) 2017 మార్గదర్శకాలు 7 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకు నోటిమాటగా, 12 దాటిన వాళ్ళకు రాతపూర్వకంగా అని విడదీసి మరీ చెప్పాయి. అవి ఆరోగ్య పరిశోధనకే కదా అని కొందరు అంటారు. హెచ్.ఐ.వి., మానసిక ఆరోగ్యం, తాగుడు, గర్భిణుల పోషణ అంటూ మన పిల్లలు తీసుకునే అంశాల్లో ఆరోగ్యానికి సంబంధం లేనివి ఎన్నో లెక్కపెట్టి చెప్పండి.

అనెక్షర్‌లో అంటించే ఫొటోల సంగతి మరీ ఘోరం. ఫీల్డుకు వెళ్ళినట్టు రుజువు కావాలని ఫొటోలు అడుగుతారట. చిల్డ్రన్స్ హోమ్ పిల్లలు, హెచ్.ఐ.వి. మందులిచ్చే ఎ.ఆర్.టి. సెంటర్ బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు, మొహాలు స్పష్టంగా కనిపిస్తూ, కింద ఊరి పేరుతో సహా. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళ వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా వెల్లడించకూడదని 2017 చట్టం చెబుతోంది. ఆ బైండింగ్ కాపీ ఒకటి డిపార్ట్‌మెంట్ బీరువాలో, ఒకటి లైబ్రరీలో, సాఫ్ట్ కాపీ డీటీపీ సెంటర్ కంప్యూటర్‌లో ఉండిపోతాయి. రుజువు కావాలంటే గైడ్ ఒకసారి ఊరికి వస్తే సరిపోతుంది కదా!

ఇంకొకటి. కుంగుబాటు కొలిచే స్కేళ్ళు పట్టుకుని పిల్లలు ఊళ్ళు తిరుగుతున్నారు. బతకాలని లేదని ఒక మనిషి చెబితే, అంకె వేసుకుని "థాంక్యూ అమ్మా" అని లేచి వచ్చేయడం మన వృత్తిలో కుదరదు. మానసిక సాయానికి టెలి మానస్ 14416, మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567. ఈ నాలుగు నంబర్లూ షెడ్యూల్ ఆఖరి పేజీలో అచ్చువేసి, చింపి చేతికిచ్చి రావడం నేర్పండి. అవన్నీ విన్న విద్యార్థుల సంగతి కూడా చూడాలి. ఉరి పోసుకున్న రైతు భార్య దగ్గర రెండు గంటలు కూర్చుని, ఆమె చెప్పినదంతా కడుపులో పెట్టుకుని బస్సెక్కే ఇరవై రెండేళ్ళ పిల్లకు ఆ రాత్రి ఎవరున్నారు? కడూషిన్ చెప్పిన మూడో పని అదే మరి.

నర్సులకూ లాయర్లకూ ఉన్నట్టు మన వృత్తి మొత్తానికీ ఒక చట్టబద్ధ కౌన్సిల్ లేదు. మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు మాత్రం 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వచ్చారు. మనకు మనమే కాపలా. విద్యార్థికి గైడే ఎథిక్స్ కమిటీ.

ఈ ప్రశ్నలన్నీ వింటున్న ఊళ్ళవాళ్ళు ఏమనుకుంటున్నారో కూడా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు, మూత్రపిండాల జబ్బు మీద రక్తం తీసుకెళ్ళినవాళ్ళు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళినవాళ్ళు, కాగితాలు నింపుకుపోయినవాళ్ళు ఎందరో. నల్లగొండ ఫ్లోరోసిస్ ఊళ్ళు, అనంతపురంలో అప్పుల రైతుల ఇళ్ళు, గల్ఫ్‌కి మగవాళ్ళు పోయిన జగిత్యాల, నిజామాబాద్ పల్లెలు, నల్లమల చెంచు పెంటలు కూడా అంతే. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం. మా ఊళ్ళో ఒకావిడ మీ విద్యార్థిని నిలదీసింది: "పోయినేడు ఒక పాప రాసుకుపోనాది. ఆ కాయితం ఏటైనాది?" ఆ పాప డిగ్రీ తెచ్చుకుని హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. కాయితం బీరువాలో ఉంది. పీహెచ్‌డీ థీసిస్ అయితే థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోనైనా దొరుకుతుంది. ఎం.ఎస్.డబ్ల్యూ. డిసర్టేషన్ అంతకన్నా లోతుగా పాతేసి ఉంటుంది.

పరిశోధన జనానికి తిరిగొచ్చిన చరిత్ర మనకు లేకపోలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక గోండుల స్థితిగతులు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని నియమించింది. ఆయనా, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యే ఉన్నారు. ఆ అధ్యయనం వెంట భూమి పట్టాలొచ్చాయి, గోండి పిల్లలకు బడులొచ్చాయి, మార్లవాయిలోనే ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. వాళ్ళ సమాధుల దగ్గర ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఏటా కూడుతున్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, పాతికేళ్ళు ఆడవాళ్ళతో పనిచేశాక, 1962లో కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్ అనే పరిశోధన సంస్థ పెట్టారు. పనీ పరిశోధనా ఒకే చేతి మీదుగా సాగిన కాలం అది. నాలుగో సెమిస్టర్ విద్యార్థి హైమన్‌డార్ఫ్ అయిపోవాలని నేననను. పోయినేటి కాయితం ఏమైందో చెప్పగలిగితే చాలు.

ఇంగ్లీషు గురించి మొహమాటపడకుండా రాస్తాను. తెలుగు మీడియంలో డిగ్రీ చదివిన పిల్ల మామ్మతో తెలుగులో మాట్లాడి, తెలుగులో ఆలోచించి, చివరికి తన చేతకాని ఇంగ్లీషులో ఎనభై పేజీలు నింపాలి. నింపలేకపోతుంది కాబట్టి డీటీపీ సెంటర్‌కి వెళ్తుంది. మండలం పేరూ, రెస్పాండెంట్ల పేరూ మారిస్తే సరిపోయే పాత ఫైళ్ళు అక్కడ తయారుగా ఉంటాయి. ఇప్పుడు చాట్ జీపీటీ కూడా తోడైంది. లేని పరిశోధకుల పేర్లతో, జరగని అధ్యయనాలతో రివ్యూ ఆఫ్ లిటరేచర్‌ని క్షణాల్లో వండి వారుస్తోంది. 2018 నాటి యూజీసీ ప్లేజరిజం నిబంధనలు మాస్టర్స్ విద్యార్థులకూ వర్తిస్తాయి. పోలిక 10 శాతం దాటితే తిరగరాయాలి, 40 దాటితే ఏడాది దాకా మళ్ళీ సమర్పించకూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది కదా అని నిబ్బరంగా ఉండకండి. మాటలు మార్చి రాసినదాన్నీ, అసలు ఎక్కడా లేనిదాన్నీ అది పట్టుకోలేదు. పట్టుకోగలిగేది, "ఈ అయిదుగురిలో ఎవరిని చదివావు? ఏం చెప్పాడు?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగే గైడ్ ఒక్కరే. తెలుగులో రాస్తానన్న విద్యార్థిని రాయనివ్వండి. ఇంగ్లీషులో ఒక సారాంశం జతచేయమనండి. అప్పుడు తెలుస్తుంది ఎవరు ఊరికెళ్ళారో, ఎవరు డీటీపీ సెంటర్‌కెళ్ళారో.

మీ ఇబ్బందులు నాకు తెలియవనుకోవద్దు. ఖాళీ పోస్టులు భర్తీ కావు. ఉన్నవాళ్ళలో చాలామంది గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు అధ్యాపకులు, ఏటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసేవాళ్ళు. ఒక్కొక్కరి మీద డజను మంది విద్యార్థులు. ఊళ్ళకు తిరగడానికి బస్సు చార్జీలైనా ఇచ్చే పద్దు ఉండదు. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ కాగితాలు, పరీక్షల డ్యూటీలు సరేసరి. పైగా సెమిస్టర్ క్యాలెండర్ మీ చేతిలో లేదు. అందుకే మీ వల్ల కానిదేమీ నేను అడగడం లేదు.

మూడో సెమిస్టర్‌లో ఫీల్డ్‌వర్క్ చేసే చోటనే నాలుగో సెమిస్టర్ డిసర్టేషన్ చేయనివ్వండి. అప్పటికే ఆ విద్యార్థికి ఊరు తెలుసు, ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో తెలుసు, ఎస్సీ కాలనీకి దారి తెలుసు. ప్రశ్న ఆ పనిలోంచే పుడుతుంది. టైటిల్ అనుమతి ఫిబ్రవరి దాకా లాగకుండా మూడో సెమిస్టర్ ముగిసేలోపే ఇచ్చేయండి. పదిహేను రోజులకొకసారి డజను మందినీ కలిపి గ్రూప్ కాన్ఫరెన్స్ పెట్టండి. ఒకరి షెడ్యూల్‌ని ఇంకొకరు విమర్శిస్తే మీ పని సగం తగ్గుతుంది. డేటా సేకరణ మొదటి రోజున ఒక్కరితోనైనా కలిసి ఊరికి రండి. అందరితోనూ రాలేకపోతే మిగతావాళ్ళకు మాలాంటి ఏజెన్సీ సూపర్‌వైజర్లను సహ పర్యవేక్షకులుగా పెట్టండి. ఫీల్డ్‌వర్క్ రిపోర్టు దిద్దగలిగినవాళ్ళం టూల్ మాత్రం చూడలేమా?

వంద మోజు వదలండి. మా దగ్గర ఒకమ్మాయి విడాకుల కాగితం లేని ఒంటరి మహిళలు పింఛను దరఖాస్తు దగ్గర ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో చూసింది. మాట్లాడింది పదిహేను మందితోనే, కానీ ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంది, మళ్ళీ వెళ్ళింది. ఆ అమ్మాయి గైడ్ ఆ మాటలన్నీ తెలుగులోనే చదివి, "ఈవిడ మొగుడు బతికున్నాడని ఎవరు రుజువు చేయాలి?" అని మార్జిన్‌లో రాశారు. చాప్టర్ మొత్తం ఆ ప్రశ్న మీదే తిరిగింది. వైవా అయిపోయాక రెండు పేజీల తెలుగు నోట్ తయారుచేసి మా మహిళల మీటింగులో చదివి వినిపించింది. రెండు చోట్ల వాళ్ళు అడ్డుపడి తప్పు దిద్దారు. దిద్దిన ఆ నోట్‌నే మేము సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలతో పాటు జతచేస్తున్నాం. పర్యవేక్షణ ఉన్న పరిశోధన ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూసింది అక్కడే. ఆ గైడ్ కూడా కాంట్రాక్టు అధ్యాపకుడే.

మా వంతుగా వచ్చే సెమిస్టర్ నుంచి కొన్ని షరతులు పెడుతున్నాం. మా పరిధిలో డేటా సేకరించాలంటే షెడ్యూల్ తెలుగులో టైపయి, కనీసం అయిదుగురి మీద పరీక్షించి ఉండాలి. మొహాలు తెలిసే ఫొటోలు తీయనివ్వం. పిల్లలతో మాట్లాడేటప్పుడు మా కార్యకర్త పిలుపుదూరంలో ఉంటారు. రెండు పేజీల తెలుగు నోట్ ఇస్తానని రాసిస్తేనే కంప్లీషన్ సర్టిఫికెట్ మీద సంతకం. బదులుగా మా రిజిస్టర్ చూపిస్తాం, సాయంత్రం దాకా ఉండే విద్యార్థులకు మా ట్రైనింగ్ హాల్లో బస, భోజనం ఏర్పాటు చేస్తాం, వైవాకు పిలిస్తే సొంత ఖర్చులతో వస్తాం. పర్మిషన్ లెటర్ మీద శాఖాధిపతి సంతకంతో పాటు గైడ్ గారి సెల్ నంబరు కూడా రాయించి పంపండి. ఊళ్ళోంచి విద్యార్థి చేసినా, నేను చేసినా ఫోన్ ఎత్తాలి.

ఇట్లు,
ఒక ఏజెన్సీ సూపర్‌వైజర్,
విజయనగరం జిల్లా